స్లాషర్ కిరాయి ఎంత చెప్పాలి? గంట లెక్క, ఎకరం లెక్క

ట్రాక్టర్‌కు స్లాషర్ (తిరిగే బ్లేడ్లతో గడ్డిని, కట్టెను కోసే పరికరం) తగిలించుకుని గడ్డి, పత్తి కట్టె, మొక్కజొన్న దంట్లు కొట్టడానికి బయలుదేరేవారికి మొదట ఎదురయ్యే ప్రశ్న "ఎకరానికి ఎంత?" అన్నదే. చాలామంది పక్క ఊళ్లో ఎంత నడుస్తోందో కనుక్కుని అదే చెప్పేస్తారు. ఆ పక్క ఊరివాళ్లు కూడా ఇంకెవరినో అడిగే చెప్పి ఉంటారు. దుక్కికి, దమ్ముకు, రోటవేటర్‌కు ఏళ్ల తరబడి నలిగిన రేట్లున్నాయి. స్లాషర్ పని, కట్టెను సన్నగా నలగ్గొట్టే మల్చర్ పని మన పల్లెల్లో ఇంకా కొత్తే. దీనికి నిలకడైన రేటు లేదు కాబట్టి అడిగినవాడి గొంతును బట్టి, చెప్పేవాడి మొహమాటాన్ని బట్టి అంకె మారిపోతూ ఉంటుంది.

మీ రేటు మీరే కట్టుకోవడానికి ఒక పెన్ను, గంటల మీటరు పనిచేసే ట్రాక్టర్, ఒక సాయంత్రం చాలు. ఒక్క విషయం మాత్రం ముందే మనసులో పెట్టుకోండి: ఖర్చు గంటల్లో అవుతుంది, రైతు ఇచ్చేది ఎకరాల్లో. గంట ఖర్చు తెలియకుండా ఎకరం రేటు చెబితే లాభమో నష్టమో డీజిల్ బంకు దగ్గర కూడా తెలియదు. టైర్లు మార్చే రోజున తెలుస్తుంది.

కింద వేసిన అంకెలన్నీ నమూనాకే. 45 హెచ్‌పీ ట్రాక్టర్, ఐదడుగుల స్లాషర్ అనుకుని వేశాను. మీ బిల్లులు ముందు పెట్టుకుని అంకెలు మార్చుకోండి, పద్ధతి మాత్రం అదే. ఇది భారత ప్రమాణాల సంస్థ 1979లో ఇచ్చిన ఐఎస్ 9164 మార్గదర్శకంలో ఉన్న పద్ధతికి దగ్గరిదే, మన ఊరి లెక్కకు కాస్త సులువు చేసినది.

ముందుగా బండి నిలబడి ఉన్నా అయ్యే ఖర్చు

ట్రాక్టర్ ధర 8 లక్షలు అనుకుందాం. పదేళ్ల తర్వాత 2 లక్షలకు అమ్ముడుపోతుందనుకుంటే పదేళ్లలో కరిగిపోయేది 6 లక్షలు, అంటే ఏడాదికి 60,000. ఇదే తరుగుదల. దీని మీద పెట్టుబడికి వడ్డీ. కొన్నప్పటి ధర, అమ్మినప్పటి ధర రెండింటి సగటు 5 లక్షలు. దానికి నూటికి పది చొప్పున ఏడాదికి 50,000. బీమా, కొట్టం వగైరా 12,000. మొత్తం ఏడాదికి 1,22,000.

ఇప్పుడు అసలు ప్రశ్న: మీ బండి ఏడాదికి ఎన్ని గంటలు తిరుగుతుంది? వ్యవసాయ ఇంజనీరింగ్ లెక్కల్లో సాధారణంగా ట్రాక్టర్‌కు ఏడాదికి 1,000 గంటలు వేస్తారు. మన దగ్గర సొంత పొలం, కొంత కిరాయి, అప్పుడప్పుడు ట్రాలీ తోలకం ఉన్న బండికి ఆ అంకె ఆశ మాత్రమే. గంటల మీటరులో ఇవాళ్టి అంకెను బండి వయసుతో భాగిస్తే నిజం బయటపడుతుంది. 600 గంటలు అనుకుంటే 1,22,000 భాగారం 600, అంటే గంటకు 203 రూపాయలు. అదే 300 గంటలే తిరిగే బండికి 407 అవుతుంది. ఇంటి ముందు ఎక్కువ రోజులు నిలబడే బండి తక్కువ రేటుకు వెళ్తోందంటే యజమాని ఈ లెక్క వేసుకోలేదన్నమాట.

ఇక్కడ రెండు అపోహలు తరచూ వినిపిస్తాయి. మొదటిది, "కిస్తీలు అయిపోయాయి, బండి ఇప్పుడు ఊరికే వచ్చినట్టే" అన్నది. కిస్తీ అనేది అప్పు తీర్చే పద్ధతి, తరుగుదల అనేది బండి అరిగిపోవడం. అప్పు తీరినంత మాత్రాన గేర్లు అరగడం ఆగదు. రెండోది సబ్సిడీ గురించి. కేంద్ర ప్రభుత్వ యాంత్రీకరణ పథకం కింద పరికరాలకు సాధారణ రైతులకు 40 శాతం, చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు 50 శాతం దాకా రాయితీ ఉంది. రాయితీలో వచ్చిన స్లాషర్‌కైనా లెక్కలో పూర్తి ధరే వేయండి. ఇది అరిగిపోయాక కొనే రెండో స్లాషర్‌కు రాయితీ దొరుకుతుందన్న భరోసా ఎవరిస్తారు?

స్లాషర్ ధర 90,000 అనుకుందాం. ఆరేళ్ల ఆయుష్షు, చివరికి ఇనుము ధరకు 12,000. తరుగుదల ఏడాదికి 13,000, సగటు పెట్టుబడి 51,000 మీద వడ్డీ 5,100. మొత్తం 18,100. ట్రాక్టర్ తిరిగే 600 గంటల్లోనూ స్లాషర్ ఉండదు కదా. పత్తి కట్టె జనవరి నుంచి మార్చి దాకా, తోటల్లో గడ్డి వానలు వెనకబట్టాక, పడావు భూములు అడపాదడపా. అన్నీ కలిపి 200 గంటలు దొరికితే గంటకు 91 రూపాయలు. వంద గంటలే దొరికితే 181. కొత్తగా స్లాషర్ కొనాలనుకునేవారు కొనకముందే చూసుకోవాల్సిన అంకె ఇది.

తిరిగినప్పుడు అయ్యే ఖర్చు

డీజిల్‌ను ఊహించవద్దు, కొలవండి. చదునైన చోట బండి నిలిపి ట్యాంకు మూతి దాకా నింపండి. మూడు నాలుగు గంటలు పని చేయించి అదే చోటికి తెచ్చి మళ్లీ మూతి దాకా నింపండి. రెండోసారి పట్టిన లీటర్లను గంటలతో భాగిస్తే సరి. పాత బండ్లలో ఉండే గంటల మీటరు ఇంజన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది, ఇంజన్ నెమ్మదిగా ఉంటే మీటరులో గంట కూడా నెమ్మదిగానే గడుస్తుంది. కాబట్టి మీటరుతో పాటు ఫోనులో సమయం కూడా రాసుకోండి. మామూలు గడ్డిలో గంటకు 4 లీటర్లు, ఎండిన పత్తి కట్టెలో 5 లీటర్లు అనుకుందాం. లీటరు 97 రూపాయలైతే 388, లేదా 485.

ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, గ్రీజు గంటకు 25. టైర్లు నాలుగూ కలిపి 60,000 పెట్టి 3,000 గంటలు వస్తాయనుకుంటే 20. క్లచ్, బ్రేకులు, బ్యాటరీ, మెకానిక్ కూలి 45. ఇవన్నీ కలిపి 90.

స్లాషర్ తిండి వేరు. బ్లేడ్లు, బోల్టులు, గేర్‌బాక్స్ ఆయిల్, ట్రాక్టర్ నుంచి స్లాషర్‌కు శక్తిని అందించే పీటీఓ షాఫ్ట్ క్రాస్ బేరింగులు. శుభ్రమైన పొలాల్లోనే తిరిగితే ఖర్చు తక్కువే. రాళ్ల నేలల్లో ఒక్క సీజన్‌కే బ్లేడ్లు రెండుసార్లు మార్చాల్సి రావచ్చు. సగటున గంటకు 50 వేయండి.

డ్రైవర్‌కు రోజుకు 800 ఇస్తారనుకుందాం. రోజంతా ఉన్నా మీటరులో పడేవి ఆరు గంటలే. కాబట్టి గంటకు వందో, నూట పదో కాదు, 133. మీరే తోలుకుంటున్నా ఈ 133 వేసుకోవాల్సిందే. మీ ఒళ్లు నొప్పులకు కూలి లేకపోతే అది వ్యాపారం కాదు, ఊరికి ఊడిగం.

కలిపితే మామూలు గడ్డికి: 203, 91, 388, 90, 50, 133. మొత్తం 955. దీని మీద నూటికి ఇరవై లాభం 191. గంటకు 1,146, గుండ్రంగా 1,150. పత్తి కట్టెకు డీజిల్ ఒక లీటరు ఎక్కువ కాబట్టి ఖర్చు 1,052, లాభంతో 1,260 దాకా వస్తుంది.

కొందరు రైతులు "డీజిల్ నేను పోయిస్తాను, బండి కిరాయి చెప్పు" అంటారు. అప్పుడు 955 లోంచి 388 తీసేయగా 567, దానిపై లాభంతో 680. ఈ పద్ధతి చెడ్డదేమీ కాదు, డీజిల్ ధర పెరిగినా మీకు దిగులు లేదు. డబ్బాల్లో తెచ్చిన డీజిల్ అయితే మాత్రం గుడ్డ అడ్డం పెట్టి పోయించండి.

గంటను ఎకరంలోకి మార్చడం

రైతుకు గంట లెక్క నచ్చదు. డ్రైవర్ కావాలని నెమ్మదిగా తోలుతాడేమోనని అనుమానం, అందులో తప్పు కూడా లేదు. ఎకరం లెక్కయితే ఇద్దరికీ తేటగా ఉంటుంది. కాబట్టి గంటకు ఎంత నేల తెగుతుందో తెలియాలి.

పొలంలో 50 మీటర్లు కొలిచి రెండు పుల్లలు పాతండి. పని చేసే వేగంలోనే బండి ఆ దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి. 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 45 సెకన్లు పడితే 4 కిలోమీటర్లు.

స్లాషర్ వెడల్పు 1.5 మీటర్లు. గంటకు 4,000 మీటర్లు నడిస్తే కాగితం మీద 6,000 చదరపు మీటర్లు తెగాలి. నిజానికి అంత తెగదు. సాలు మీద సాలు కొంత ఎక్కుతుంది, చివరల్లో తిప్పుకోవాలి, మధ్యలో బ్లేడుకు చుట్టుకున్న తీగ తీయాలి. మంచి పొలంలో నూటికి 75 వంతులు దక్కుతుంది, అంటే 4,500. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి గంటకు 1.1 ఎకరం. 1,150ని 1.1తో భాగిస్తే ఎకరానికి 1,045. దీన్ని 1,050 అనండి.

పత్తి కట్టెలో 3 కిలోమీటర్ల వేగం దాటకూడదు, దక్కేది 70 వంతులే. గంటకు 3,150 చదరపు మీటర్లు, ముప్పాతిక ఎకరం కంటే కాస్త ఎక్కువ. 1,260ని 0.78తో భాగిస్తే ఎకరానికి 1,615. గడ్డి ఎకరానికి 1,050 కదా, పత్తికి 1,600 ఎందుకని రైతు అడిగితే చెప్పాల్సిన సమాధానం ఇదే: బండి నెమ్మదిగా నడుస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది.

పత్తి విషయంలో ఇంకో మాట. గులాబీ రంగు పురుగు మిగిలిపోయిన కాయల్లోనూ కట్టెలోనూ దాక్కుని తర్వాతి పంటకు ఎక్కుతుంది కాబట్టి, పంట అయిపోగానే కట్టెను ముక్కలు చేసి నేలలో కలపమని వ్యవసాయ శాఖ ప్రతి ఏడూ చెబుతోంది. ఉమ్మడి ఆదిలాబాద్, వరంగల్, ఖమ్మం నుంచి గుంటూరు, కర్నూలు దాకా ఈ పనికి గిరాకీ ఉంది. స్లాషర్ కట్టెను కోసి పడేస్తుంది కానీ ముక్కలు పొడుగ్గా ఉంటాయి, మొదలు నిలిచే ఉంటుంది. సన్నగా నలగాలంటే మల్చరో ష్రెడ్డరో కావాలి. మీ దగ్గర స్లాషర్ మాత్రమే ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. "రెండోసారి కూడా కొట్టు" అని తర్వాత అడిగితే రెండో దెబ్బకు వేరే కిరాయి. ఆ దెబ్బ తేలిక కాబట్టి సగం నుంచి మూడొంతుల్లో రెండు వంతుల దాకా తీసుకోవచ్చు.

తోటల లెక్క వేరేగా ఉంటుంది, ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు. పాత మామిడి తోటలో పది మీటర్లకు ఒక చెట్టు చొప్పున ఎకరానికి 40 చెట్లు. కొమ్మలు వాలి ఉంటాయి, పాదుల గట్లు, డ్రిప్ పైపులు అడ్డం. వేగం రెండున్నర కిలోమీటర్లు, దక్కేది 60 వంతులు. గంటకు 2,250 చదరపు మీటర్లే తెగుతాయి. ఆ లెక్కన ఎకరానికి 2,000 దాటాలి. అయితే చెట్ల కింద నేల మీరు కొట్టరు. నాలుగో వంతు వదిలేస్తే ఎకరం అన్నది మీకు ముప్పావు ఎకరమే. అప్పుడు రేటు 1,550 దగ్గర తేలుతుంది. రైతు పాస్ పుస్తకంలో ఎకరం, మీరు కొట్టింది ముప్పావు, ఇద్దరూ ఒకే మాట అనుకుంటూ వేరే వేరే నేలల గురించి మాట్లాడుకుంటారు. అందుకే తోటకు రేటు చెప్పేటప్పుడు "చెట్ల కింద మినహా, మొత్తం విస్తీర్ణానికి ఎకరం ఇంత" అని పూర్తి వాక్యం చెప్పాలి.

అశ్వారావుపేట, దమ్మపేట వైపు ఆయిల్‌పామ్ తోటల్లో వరుసలు సూటిగా ఉంటాయి, బండి హాయిగా నడుస్తుంది. కానీ నరికిన మట్టలు వరుసల మధ్య పరిచి ఉంటే స్లాషర్‌కు అది పెద్ద శిక్ష. మట్టలు ఉన్న వరుస, లేని వరుస చూసుకునే మాట్లాడండి.

సర్కారు తుమ్మ మొలిచిన పడావు భూమికి ఎకరం రేటు ఎప్పుడూ చెప్పవద్దు. బొటనవేలి లావు దాటిన కొమ్మలు మామూలు స్లాషర్ పని కాదు, పైగా ఆ ముళ్లు ముందు టైర్లను వదలవు. తీసుకుంటే గంట లెక్కనే, అదీ పంక్చర్ ఖర్చు భూయజమానిదే అన్న ఒప్పందంతో.

పొలం చూడకుండా మాట ఇవ్వవద్దు

"అన్నా, రెండెకరాలే కదా, గంటన్నరలో అయిపోతుంది" అని ఫోనులో వినిపించే పొలం తీరా వెళ్తే నాలుగు ముక్కలుగా, నడుమ గట్లతో, ఒక మూల బోరు, మరో మూల కరెంటు స్తంభం స్టే వైరుతో ఉంటుంది. చూసే వీలు లేకపోతే వీడియో కాల్‌లో గట్టు చుట్టూ నడవమనండి.

పొలం ఆకారం ఎంత తేడా చేస్తుందో ఒక లెక్క చూడండి. వంద మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు ఉన్న ఎకరం. సాలుకు నికరంగా 1.4 మీటర్లు తెగితే పొడవు వెంట 29 సాళ్లు సరిపోతాయి. ఏదో అడ్డం వచ్చి వెడల్పు వెంట కొట్టాల్సి వస్తే 72 సాళ్లు. ఒక్కో మలుపుకు 20 సెకన్లు వేసుకున్నా మొదటిదానిలో పది నిమిషాలు, రెండోదానిలో 24 నిమిషాలు మలుపులకే పోతాయి. నేల అంతే, గడ్డి అంతే. చిన్న మడులున్న పొలానికి ఎకరానికి రెండు మూడు వందలు ఎక్కువ చెప్పడంలో అన్యాయం ఏమీ లేదు.

చూడటానికి వెళ్లినప్పుడే గడ్డిలో దాక్కున్న శత్రువులను వెతకాలి. సర్వే రాళ్లు, పాత బోరు కేసింగ్ పైపు, తెగిపడిన ముళ్ల కంచె, డ్రిప్ లేటరల్స్, పాత మోటారు దిమ్మె. ఇవి ఎక్కడున్నాయో యజమానికే తెలుస్తుంది. ప్రతి చోటా గుడ్డ కట్టిన కర్ర పాతమని చెప్పండి. గుర్తు పెట్టని ఇనుము తగిలి బ్లేడు విరిగితే ఆయన ఖర్చు, గుర్తు పెట్టినదాన్ని మీ డ్రైవర్ గుద్దితే మీ ఖర్చు. ఈ మాట పని మొదలయ్యే ముందు నలుగురిలో అనుకుంటే తర్వాత రచ్చ ఉండదు.

ఎంత కిందికి కొట్టాలో కూడా అప్పుడే తేల్చండి. "గుండు కొట్టినట్టు ఉండాలి" అన్నది రైతు కోరిక. మూడు నాలుగు అంగుళాల ఎత్తు వదిలితే బ్లేడు నేలను తాకదు. అంతకంటే కిందికి దిగితే మట్టి, రాళ్లు తగిలి డీజిల్ ఎక్కువ తాగుతుంది, బ్లేడు అంచు తొందరగా పోతుంది. కావాలంటే కొట్టండి, కానీ దానికి రేటు వేరు.

దారి ఖర్చు, చిన్న పని

కిరాయి బండ్లకు నష్టం ఎక్కువగా రోడ్డు మీదే వస్తుంది. ఆరు కిలోమీటర్ల దూరంలో పని ఉందనుకుందాం. రానుపోను 12 కిలోమీటర్లు, వెనక స్లాషర్ వేలాడుతుంటే ముప్పావు గంట. డీజిల్ 3 లీటర్లు 291, డ్రైవర్ 100, ట్రాక్టర్ తరుగుదల, వడ్డీ, మరమ్మతులు కలిపి 220. మొత్తం 611. రెండెకరాల పనికి ఇది ఎకరానికి 300 పైనే. అంటే ఊరి పక్క పొలానికి 1,050 చెప్పి, ఆరు కిలోమీటర్లు వెళ్లి అదే 1,050 తీసుకుంటే మీ లాభం పోయి చేతిలోది కూడా పడుతుంది.

2015-16 వ్యవసాయ గణన ప్రకారం సగటు కమతం ఆంధ్రప్రదేశ్‌లో 0.94 హెక్టారు, తెలంగాణలో ఒక హెక్టారు. ఎకరాల్లో చెబితే రెండున్నర లోపే. అది కూడా ఒకే చోట ఉండదు. కాబట్టి మన దగ్గర దారి ఖర్చు అనేది అప్పుడప్పుడు వచ్చేది కాదు, ప్రతి పనిలోనూ ఉండేదే. రెండు నియమాలు పెట్టుకోండి. మూడు కిలోమీటర్ల దాకా దారి ఖర్చు లేదు, అది దాటితే రానుపోను మొత్తానికి కిలోమీటరుకు 50 రూపాయలు. ఎంత చిన్న పనికైనా కనీసం గంట కిరాయి. పది గుంటల పెరడుకైనా, పాతిక సెంట్ల స్థలానికైనా బండి తీయడం, గ్రీజు పెట్టడం, పిన్నులు సరిచూడటం ఒకటే.

మూడు కిలోమీటర్లు దాటిన ఊరి నుంచి ఒకరు అడిగితే, పక్క పొలాల వాళ్లను కూడా కలుపుకుని ఐదారు ఎకరాలు ఒకే రోజు పెట్టమనండి. దారి ఖర్చు అందరిలో పంచుకుంటే ఎకరానికి వంద రూపాయలే పడుతుంది. చాలాచోట్ల ఆ మొదటి రైతే మీ తరఫున నలుగురిని పోగు చేస్తాడు.

మీ అంకె మార్కెట్‌లో నిలుస్తుందా?

ఇప్పటిదాకా వచ్చింది మీ కింది హద్దు. పై హద్దు రైతు చేతిలో ఉంటుంది. పత్తి కట్టెను కూలీలతో పీకిస్తే ఎకరానికి ఎంతమంది పడతారు, ఈ వారం కూలి ఎంత? తోటలో గడ్డిమందు కొట్టిస్తే మందుకు, కూలికి ఎంత? రెండు మూడు ఇళ్లలో కనుక్కోండి. మీ రేటు ఆ మొత్తానికి లోపల ఉంటే పని దొరుకుతుంది. పైన ఉంటే ఎంత బతిమాలినా దొరకదు, దొరికినా డబ్బు సరిగ్గా రాదు.

పక్కవాళ్ల రేటును కూడా చూడాలి, కానీ గుడ్డిగా కాదు. వాళ్లు చెప్పే ఎకరంలో డీజిల్ ఉందా, ఒక దెబ్బా రెండు దెబ్బలా, స్లాషర్ ఐదడుగులా ఆరడుగులా, దారి ఖర్చు కలిసిందా అని అడగండి. అద్దె పరికరాల కేంద్రాలు ఎంతకు ఇస్తున్నాయో ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలో, తెలంగాణలో మండల వ్యవసాయాధికారి దగ్గర కనుక్కోవచ్చు. రాయితీతో నడిచే కేంద్రం రేటు మీకంటే తక్కువ ఉండటం సహజం. దానితో పోటీకి దిగవద్దు. అక్కడ వరుస కోసం వారం ఆగాలి, మీరు రేపే వస్తారు. రైతు ఆ వ్యత్యాసానికి డబ్బు ఇస్తాడు, ముఖ్యంగా వాన మబ్బులు కనిపిస్తున్నప్పుడు.

అలాగని మబ్బు చూసి రేటు పెంచడం నా దృష్టిలో తెలివితక్కువ పని. ఊరు గుర్తు పెట్టుకుంటుంది. సీజన్‌కు ఒకే రేటు పెట్టి, డీజిల్ మారితేనే మార్చండి. లీటరుకు 5 రూపాయలు పెరిగితే గంటకు 20 నుంచి 25 పెరుగుతుందని లెక్కతో చెబితే ఎవరూ గొడవ పడరు.

అరువు, మొహమాటం

"పంట రాగానే ఇస్తాను తమ్ముడూ" అన్న మాటకు కూడా ధర ఉంది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ నడుస్తున్నప్పుడు నాలుగు నెలల అరువు అంటే నూటికి ఎనిమిది. 1,150 మీద 92 రూపాయలు. మీరు వేసుకున్న లాభం 191 కదా, అందులో దాదాపు సగం అరువులోనే పోయింది. కాబట్టి రెండు రేట్లు చెప్పండి: పని అయిన రోజే ఇస్తే గంటకు 1,150, పంట మీదయితే 1,250. ఎకరం రేట్లు కూడా అదే దామాషాలో. వడ్డీ అడిగితే బాధపడేవారు కూడా రెండు రేట్లలో ఒకటి ఎంచుకోమంటే బాధపడరు.

బంధువులకు తగ్గించాల్సి వస్తే రేటు తగ్గించవద్దు, చివర్లో మొత్తంలో కొంత వదిలేయండి. బాబాయికి ఎకరం 800కు కొట్టారన్న వార్త సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది, మర్నాటి నుంచి అందరూ బాబాయిలే. బిల్లు పూర్తిగా రాసి, మీ మాటగా రెండు వందలు తీసేస్తే రేటు రేటుగానే ఉంటుంది.

విస్తీర్ణం మీద తగవు రాకుండా ముందు బయటి చుట్టు కొట్టండి. ఆ తర్వాత ఫోనులో భూమి కొలిచే యాప్ పెట్టుకుని యజమానితో కలిసి ఆ చుట్టు వెంట నడవండి. పాస్ పుస్తకంలో రెండెకరాలున్న పొలం నేల మీద ఎకరం 32 గుంటలు కావచ్చు, రెండెకరాల పది సెంట్లూ కావచ్చు. ఏ అంకెకు డబ్బు కట్టాలో పని మొదలుకాకముందే తేలిపోతుంది.

ఇళ్ల స్థలాలు, వెంచర్లు

పట్టణాల చుట్టుపక్కల ఖాళీ ప్లాట్లలో పిచ్చి మొక్కలు కొట్టమని పిలుపులు వస్తుంటాయి. రేటు బాగుంటుంది కానీ లెక్క మారుతుంది. వ్యవసాయ పనికి యంత్రాన్ని కిరాయికి ఇవ్వడంపై జీఎస్టీ లేదు. ప్లాటు శుభ్రం చేయడం వ్యవసాయం కిందికి రాదు. ఏడాది మొత్తం రాబడి 20 లక్షల లోపు ఉన్నంతకాలం సేవలకు నమోదు తప్పనిసరి కాదు కాబట్టి ఒక్క బండి ఉన్నవారికి ఇది పెద్ద బెడద కాదు. బీమా మాత్రం చూసుకోవాలి. వ్యవసాయ వాడకానికి బీమా చేసిన ట్రాక్టర్ వేరే పనిలో ఉండగా ప్రమాదం జరిగితే పరిహారం దగ్గర పేచీ వస్తుంది. పాలసీ కాగితం ఒకసారి చదివించుకోండి.

ప్లాట్లలో గాజు సీసాలు, ఇనుప చువ్వలు, సిమెంటు దిమ్మెలు ఉంటాయి. స్లాషర్ బ్లేడు తగిలిన రాయి తూటాలా ఎగురుతుంది. చుట్టూ ఇళ్లు, నిలిపిన కార్లు ఉన్నచోట వెనక గొలుసుల అడ్డు లేకుండా బండి స్టార్ట్ చేయవద్దు, యాభై మీటర్ల లోపల మనుషులు, ముఖ్యంగా పిల్లలు ఉండకూడదు. పీటీఓ షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవరు ఊడిపోయి ఉంటే ముందు అది వేయించండి, లుంగీ అంచు చాలు ప్రాణం మీదికి రావడానికి. ఇలాంటి చోట గంట లెక్కే, కనీసం రెండు గంటలు, గంటకు వ్యవసాయ రేటు మీద 300 అదనం, డబ్బు సగం ముందుగా.

నోటు పుస్తకం

ప్రతి పనికీ ఒక వరుస రాయండి: తేదీ, ఊరు, పంట, విస్తీర్ణం, మొదలైన సమయం, ముగిసిన సమయం, డీజిల్, దారి కిలోమీటర్లు, రావాల్సింది, వచ్చింది. సీజన్ అయ్యాక మూడు కూడికలు చాలు. వచ్చిన డబ్బును మీటరు గంటలతో భాగించండి. అది 1,150కి ఎంత దూరంలో ఉందో చూడండి. ఏ పంటలో గంటకు ఎక్కువ వచ్చింది, ఏ ఊళ్లో తక్కువ వచ్చింది అన్నది పుస్తకమే చెబుతుంది. తక్కువ వచ్చిన చోట రేటు పెంచాలా, కనీస కిరాయి పెంచాలా, లేక ఆ ఊరి దారి మానుకోవాలా అన్నది వచ్చే సీజన్‌కు ముందే తేల్చుకోండి. కొత్త రేటును పత్తి ఆఖరి తీతలు మొదలయ్యేలోపు, అంటే డిసెంబరులోనే, పాత రైతులకు ఫోను చేసి చెప్పండి. పొలంలో బండి దిగాక చెప్పే రేటు ఎంత న్యాయమైనదైనా ఎక్కువగానే వినిపిస్తుంది.